జపాన్ డబ్బా మనకెందుకు

పాత వీడియో గేమ్ కొనుక్కోవాలని మన తెలుగువాడు ఎవరైనా నోరు తెరిస్తే చాలు, నలుదిక్కుల నుంచీ ఒకటే సలహా. లోకల్ డబ్బాల జోలికి పోకు, అవన్నీ నకిలీలు. కొంటే నింటెండో జపాన్‌లో అమ్మిన ఫామికామ్ కొను. అది కుదరకపోతే అమెరికాలో అమ్మిన బూడిదరంగు నింటెండో తెప్పించుకో. ఖర్చయితే అయింది, ఒరిజినల్ ఒరిజినలే. ఈ మాటను ఎంత ధీమాగా చెబుతారంటే, విన్నవాడికి ఎదురు అడగాలని కూడా తోచదు. నేను అడుగుతాను. ఈ సలహా తప్పు. కరెంటు లెక్కలో తప్పు, టీవీ లెక్కలో తప్పు, చరిత్ర ప్రకారం తప్పు. అన్నిటికీ మించి, అడిగినవాడికి ఏం కావాలో వినకుండా ఇచ్చిన సలహా ఇది.

అడుగుతున్నది ఎవరు? సూరత్‌లో పాండేసరా దగ్గరి వడోద్‌నే తీసుకుందాం. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని కోసం నల్గొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీల పిల్లలు ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డారు. లింబాయత్‌లోనో ఉధ్నాలోనో పుట్టి, కార్పొరేషన్ వాళ్ల తెలుగు మీడియం బడిలో చదివి, తర్వాత ఇటు వచ్చి స్థిరపడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్ల చిన్నతనంలో టీవీ ఒక ఇంట్లో ఉండేది, గేమ్ డబ్బా ఇంకో ఇంట్లో ఉండేది. రెండూ ఒకచోట చేరిన రోజు పండగ. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాయన అదే గదిలో పడుకుని ఉంటాడు కాబట్టి సౌండు పూర్తిగా తగ్గించి ఆడాలి. కాంట్రాలో తూటా తగిలిన చప్పుడు వినకుండానే కాంట్రా పూర్తి చేసిన పిల్లలు ఈ ఊళ్లో ఉన్నారు. వాళ్లలో ఒకడు ఇప్పుడు అడుగుతాడు: "అన్నా, చిన్నప్పుడు ఆడిన గేమ్ మళ్ల ఆడాలె, మా పోరనికి సుత చూపియ్యాలె. ఏది కొనాలె?"

ప్రశ్న స్పష్టంగా ఉంది. అతనికి కావలసింది అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువు కాదు, తను ఆడిన ఆట. మరి తను ఆడిన ఆట ఏ యంత్రం మీద నడిచింది? ఫామికామ్ మీద కాదు. 1983 జూలై 15న జపాన్‌లో విడుదలైన ఆ ఎరుపు, తెలుపు డబ్బా మన దేశపు దుకాణానికి రానే లేదు. 1985లో న్యూయార్క్‌లో అమ్మకం మొదలుపెట్టిన అమెరికా నింటెండో మీదా కాదు. అతను ఆడింది తైవాన్‌లో, చైనాలో ఆ ఫామికామ్‌ను అనుసరించి చేసిన క్లోన్ యంత్రం మీద. మన దగ్గర మీడియా అనీ, లిటిల్ మాస్టర్ అనీ రకరకాల పేర్లతో, కొన్నిసార్లు ఏ పేరూ లేకుండా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, ఎవరో జపాన్ పిల్లవాడు ఆడిన యంత్రాన్ని ఇతని చేతిలో పెట్టి, ఇదే నీ బాల్యం అని చెప్పడం ఏం న్యాయం?

సరే, జ్ఞాపకాల సంగతి వదిలేద్దాం, యంత్రం సంగతే మాట్లాడదాం అంటారు. మాట్లాడదాం. ముందు కరెంటు. ఫామికామ్‌తో వచ్చే అడాప్టర్ 100 వోల్టులకు చేసింది. మన ప్లగ్గులో వచ్చేది 230. తెలియక నేరుగా గుచ్చితే అడాప్టర్ అక్కడికక్కడే మాడిపోతుంది. అమెరికా నింటెండో అడాప్టర్ ఇంకో రకం: అది 120 వోల్టులు తీసుకుని 9 వోల్టుల ఏసీ ఇస్తుంది, డీసీ కాదు. రెండూ ఇంట్లో ఉంటే, ఒకదాని అడాప్టర్ ఇంకొకదానికి పెట్టే పిల్లలు ఉంటే, ఖరీదైన ఒరిజినల్ గతి ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇక మన క్లోన్ డబ్బాకు 9 వోల్టుల డీసీ చాలు. ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. పిన్నులో ప్లస్ లోపలో బయటో ఒక్కటి చూసుకుంటే సరిపోతుంది.

తర్వాత టీవీ. మొదటి ఫామికామ్‌కు పసుపు, తెలుపు పిన్నులు ఉండవు, యాంటెన్నా తీగ ద్వారానే బొమ్మ పంపాలి. అది పంపేది జపాన్ 1వ, 2వ ఛానెళ్ల మీద, అంటే 91, 97 మెగాహెర్ట్జ్ దగ్గర. మన దగ్గర ఆ చోట ఎఫ్ఎం రేడియో ఉంది, టీవీ ఛానెల్ లేదు. ఎలాగో ట్యూన్ చేశారనుకుందాం. వచ్చే సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మన పాత టీవీలు పాల్ పద్ధతి. రంగులు పోతాయి, కొన్ని టీవీల్లో బొమ్మ నిలబడదు కూడా. 1993లో నింటెండో తెచ్చిన కొత్త ఫామికామ్‌కు ఏవీ పిన్నులు ఉన్నాయి, పాతవాటికి ఏవీ బిగించి అమ్మేవాళ్లూ ఉన్నారు, వాటిని ఎల్ఈడీ టీవీకి తగిలిస్తే రంగులొస్తాయి. ఒప్పుకుంటాను. కానీ ఎల్ఈడీ టీవీ మీద బాతుల్ని కాల్చే తుపాకీ పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో తెర నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం మెరవడం, ఆ మెరుపును తుపాకీలోని సెన్సర్ పట్టుకోవడం, ఇదీ డక్ హంట్ కిటుకు. పిక్చర్ ట్యూబు టీవీలోనే ఆ లెక్క కుదురుతుంది. కొత్త టీవీ బొమ్మను సర్దుకుని చూపించేలోపు ఆ క్షణం దాటిపోతుంది. ఆ ఒరిజినల్ కోసం పెట్టే డబ్బులో కొంత ఒక మంచి పాత డబ్బా టీవీ మీద పెట్టమనండి, ఆ సలహాకు నేనూ చప్పట్లు కొడతాను.

కార్ట్రిడ్జ్ సంగతి చూడండి. మన ఇళ్లలో అటక మీద, ట్రంకు పెట్టెల్లో ఇంకా పడి ఉన్న పసుపు, నలుపు కార్ట్రిడ్జ్‌లకు 60 పిన్నులు. అమెరికా నింటెండో స్లాటుకు 72. అందులో మనవి పట్టవు. కన్వర్టర్ కొనాలి, పైగా ఆ యంత్రంలో తమ అనుమతి లేని కార్ట్రిడ్జ్‌ను అడ్డుకునే తాళం చిప్పు ఒకటుంది. దాని స్లాటు లోపలి పిన్నులు అరిగి, ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటూ బొమ్మ రాకపోవడం ఆ మోడల్‌కు పేరుమోసిన రోగం. అమెరికావాళ్లే విసిగిపోయి కార్ట్రిడ్జ్‌లను ఊదుకుంటూ కూర్చున్న యంత్రాన్ని మనం విమానమెక్కించి తెచ్చుకోవాలట. జపాన్ ఫామికామ్‌లో మన కార్ట్రిడ్జ్ పడుతుంది, అది నిజం. కానీ మొదటి మోడల్‌లో కంట్రోలర్ల తీగలు యంత్రంలోపలికే వెళ్లి ఉంటాయి. తీగ తెగితే డబ్బా విప్పాల్సిందే. క్లోన్‌కు వెనకో ముందో 9 పిన్నుల సాకెట్ ఉంటుంది. పాడైన రిమోట్ పీకి ఇంకోటి గుచ్చుకోవచ్చు. పైగా టర్బో బటన్. కాంట్రాలో వేలు నొప్పి పుట్టకుండా తూటాల వాన కురిపించింది ఆ బటనే. ఫామికామ్‌తో వచ్చిన రిమోట్‌కు అది లేదు.

ఇవన్నీ పైపై విషయాలు. అసలు మాట వేగం గురించి. ఒరిజినల్ భక్తులు ఇక్కడే పప్పులో కాలేస్తారు, ఇక్కడే క్లోన్ చేసినవాళ్ల పనితనం బయటపడుతుంది.

జపాన్ టీవీ సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తుంది, మన పాల్ టీవీ 50 సార్లు. ఆట లెక్క మొత్తం ఆ గీతకు కట్టి ఉంటుంది. యూరప్‌లో పాల్ దేశాల కోసం నింటెండో తనే యంత్రం చేసినప్పుడు ప్రాసెసర్ వేగాన్ని 1.79 మెగాహెర్ట్జ్ నుంచి 1.66కు తగ్గించింది. రెండు బొమ్మల మధ్య ఖాళీ సమయాన్ని బాగా పెంచింది. దాంతో జపాన్ కోసం రాసిన ఆట అందులో పెడితే పాట శ్రుతి దిగిపోతుంది, సమయాన్ని ఖచ్చితంగా లెక్కగట్టి రాసిన ఆటల్లో బొమ్మ చెదిరిపోతుంది కూడా. తైవాన్‌లో యూఎమ్‌సీ సంస్థ ఇదే పనికి చేసిన చిప్పుల్లో దారి వేరు. ప్రాసెసర్‌ను 1.77 దగ్గరే ఉంచారు. పాల్‌కు అదనంగా కావలసిన గీతలను, బొమ్మ గీయడం పూర్తయిందని ఆటకు కబురు అందే క్షణానికి ముందే దూర్చేశారు. కబురు అందాక ఆటకు దొరికే సమయం జపాన్ యంత్రంలో ఎంతో ఇక్కడా అంతే. తను వేరే దేశపు టీవీ మీద నడుస్తున్నానని ఆటకు తెలియదు. శ్రుతి దాదాపు మారదు, బొమ్మ చెదరదు, నడక మాత్రం ఆరోవంతు నెమ్మది. 50 హెర్ట్జ్ దేశంలో జపాన్ ఆటను ఆడించే విషయంలో నింటెండో సొంత పాల్ యంత్రం కంటే ఈ "నకిలీ" మెరుగు. దీన్ని గుడ్డి కాపీ అనేవాళ్లు ఒక్కసారైనా లోపల ఏముందో చూశారా?

చిప్పుల్లో లోపాలు లేవని నేననను. చాలా క్లోన్‌లలో ధ్వని తరంగాల ఆకారం రెండుచోట్ల తారుమారై ఉంటుంది, అందువల్ల వాయిద్యపు గొంతు కాస్త మారి వినిపిస్తుంది. మారియోను, దాన్ని సృష్టించిన మియామొతో బృందం రాసుకున్న వేగంతోనే, వాళ్లు విన్న గొంతుతోనే ఆడాలని పట్టుదల ఉన్నవాడు జపాన్ యంత్రం కొనుక్కోవాలి, అందులో వాదన లేదు. కానీ వడోద్ కుర్రాడి చేతి వేళ్లకు అలవాటైనది ఆరోవంతు నెమ్మదిగా నడిచే మారియో. ఏ గుంత దగ్గర ఎప్పుడు ఎగరాలో ఆ వేళ్లు నేర్చుకున్నది ఆ నడకలోనే. ఒరిజినల్ మీద కూర్చోబెడితే మొదటి గుంతలోనే పడతాడు. తన చేతివాటం పోయిందని అనుకుంటాడు కూడా. పోయింది చేతివాటం కాదు, సలహా ఇచ్చినవాడి బుద్ధి.

ఇక చరిత్ర. అసలైన నింటెండో మన దేశంలో అందరికీ అందుబాటులో ఉండేదనీ, మనవాళ్లే కక్కుర్తిపడి నకిలీ కొన్నారనీ ఒక అపోహ ఉంది. శామురాయ్ పేరుతో నింటెండో యంత్రం మన దేశంలో అమ్మకానికి వచ్చిన మాట నిజం. కానీ అది ఎన్ని ఇళ్లకు చేరిందో మీ చుట్టుపక్కల అడిగి చూడండి. 1995లో షా వాలెస్ ద్వారా సెగా మెగా డ్రైవ్ వచ్చింది, 18,000 రూపాయల ధరకు. విదేశీ యంత్రం మీద 80 శాతం దిగుమతి సుంకం ఉన్న కాలం అది. సాంచా మీద పన్నెండు గంటలు నిలబడే మనిషి ఆ డబ్బు పెట్టి పిల్లవాడికి ఆట కొంటాడా? క్లోన్ రాకపోతే ఒరిజినల్ కొనేవాళ్లం అన్న లెక్కే తప్పు. క్లోన్ రాకపోతే మనకు ఏదీ వచ్చేది కాదు. మారియో, కాంట్రా, రోడ్ ఫైటర్, బ్యాటిల్ సిటీ అన్న పేర్లు మన వీధుల్లో వినిపించేవే కావు.

ఇది మన ఒక్కరి కథా కాదు. రష్యాలో 1992 చివర స్టీప్లర్ అనే సంస్థ డెండీ పేరుతో తైవాన్ క్లోన్‌ను తెచ్చింది. అక్కడ ఒక తరానికి వీడియో గేమ్ అంటే డెండీయే. 1994లో నింటెండో ఏం చేసింది? అదే స్టీప్లర్‌తో ఒప్పందం చేసుకుని, తన సూపర్ నింటెండోను అమ్మే బాధ్యత దానికే ఇచ్చి, డెండీ మీద తగువు వదులుకుంది. బ్రెజిల్‌లో ఫాంటమ్ సిస్టమ్ అనే క్లోన్ చేసిన గ్రాడియెంటే సంస్థ, 1993లో ఎస్త్రేలాతో కలిసి అక్కడ నింటెండోకు అధికారిక భాగస్వామి అయింది. నింటెండో స్వయంగా చేతులు కలిపిన చరిత్రను పట్టుకుని, నింటెండో కంటే ఎక్కువ నింటెండో అభిమానంతో మనవాళ్లు చీదరించుకోవడం దేనికి?

"అయితే దొంగ సరుకును సమర్థిస్తున్నారా?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆనాటి కార్ట్రిడ్జ్‌లలో ఎక్కువ భాగం అనుమతి లేనివే, దాచడానికేమీ లేదు. ఆటలు చేసినవాళ్లకు మన డబ్బు చేరలేదు. కానీ ఈరోజు ముప్ఫై ఏళ్ల నాటి సెకండ్‌హ్యాండ్ ఒరిజినల్‌ను కొంటే ఆ డబ్బు ఎవరికి పోతుంది? తిరిగి అమ్ముకునే వ్యాపారికి. నింటెండోకు నయాపైసా పోదు, కాంట్రా చేసిన కొనామీకి పోదు. ఫామికామ్ యంత్రం మీది పేటెంట్లు గడువు తీరి చాలా ఏళ్లయింది. ఆటల మీద హక్కులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, వాటిని గౌరవించాలనుకునేవాడికి దారి తెరిచే ఉంది: కొనామీ 2019లో కాంట్రా పాత ఆటలను ఒక సంపుటిగా అమ్మింది, నింటెండో తన కొత్త యంత్రం మీద పాత ఆటలను చందా కట్టించుకుని ఇస్తోంది. బాకీ తీర్చుకోవాలనుకుంటే అవి కొనండి. పాత ఒరిజినల్ మోజుకు నీతి ముసుగు వేయకండి.

ఇంతకీ ఏ క్లోన్ కొనాలి? క్లోన్‌లన్నీ ఒకటే చెత్త అనడం ఆ సలహాలోని రెండో సగం, అదీ తప్పే. పై డబ్బా చూసి ఏదీ తేల్చలేం. ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ కింద వేరువేరు బోర్డులు పెట్టి అమ్మారు. సెగా ఆకారంలో ఉన్నదీ, ఫామికామ్ ఆకారంలో ఉన్నదీ లోపల ఒకటే కావచ్చు, ఒకే పేరు ఉన్న రెండు లోపల వేరు కావచ్చు. కాబట్టి తిప్పి, కింద ఉన్న స్క్రూలు విప్పి చూడాల్సిందే. అమ్మేవాడు విప్పనివ్వకపోతే ఆ బేరం వదిలేయండి.

మూత తీశాక కార్ట్రిడ్జ్ స్లాటు దగ్గర చూడండి. 40 కాళ్ల పొడవాటి నల్ల చిప్పులు రెండు కనిపించాలి. ఒకదాని మీద యూఏ6527పీ, ఇంకోదాని మీద యూఏ6538 అని తెల్ల అక్షరాలు ఉంటాయి. మొదటిది ప్రాసెసర్, ధ్వని కూడా దానిదే. రెండోది బొమ్మ గీసేది. పక్కన చిన్న మెమరీ చిప్పులు రెండు. వాటికి దగ్గర్లో వెండిరంగు రేకు డబ్బీలా మెరిసే క్రిస్టల్ ఉంటుంది, దాని మీద అంకె చదవండి. 26.601 అని ఉంటే అది పాల్ యంత్రం, మనకు కావలసినది. 21.477 అంటే ఎన్‌టీఎస్‌సీ. ఒక అంచున అల్యూమినియం రేకుకు బిగించిన మూడు కాళ్ల 7805 ఉంటుంది, 9 వోల్టులను 5కు దించేది అదే. పాత డబ్బాల్లో ముందుగా పోయేది అదీ, దాని పక్కన కెపాసిటర్లూ. రెండూ ఏ రిపేరు షాపులోనైనా దొరుకుతాయి, టంకం పట్టడం వచ్చిన కుర్రాడు చాలు.

మూత తీయగానే చిప్పుల బదులు గుండ్రంగా గడ్డకట్టిన నల్ల జిగురు చుక్క ఒక్కటే కనిపిస్తే, యంత్రం మొత్తం ఆ చుక్క కింద ఉందన్నమాట. అదీ పనిచేస్తుంది. 60 పిన్నుల స్లాటు ఉంటే, చవగ్గా వస్తే, మొదటి రకం దొరకనప్పుడు తీసుకోవచ్చు. కానీ చుక్క చచ్చిపోతే దానికి మందు లేదు, డబ్బా పారేయాల్సిందే. ఇప్పుడు కొత్తగా వస్తున్న, స్లాటే లేకుండా వందల గేములు లోపలే ఉన్నాయని పెట్టె మీద అచ్చువేసిన బొమ్మల జోలికి అసలు పోవద్దు. లోపల ఉన్నవి కొన్ని ఆటలే, పేర్లూ రంగులూ మార్చి మళ్లీ మళ్లీ చూపిస్తాయి. మన పాత కార్ట్రిడ్జ్ పెట్టుకునే చోటే లేని యంత్రం మన ప్రశ్నకు జవాబు ఎలా అవుతుంది?

సూరత్‌లో కొనేవాళ్లకు ఇంకొక్క జాగ్రత్త. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నీళ్లు వదిలినప్పుడు తాపీ పొంగి ఊరిలో ఎక్కువ భాగం మునిగింది. రాందేర్, అడాజణ్ వైపు ఇళ్లలో టీవీలూ డబ్బాలూ రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా మునిగినవి ఎండబెట్టి, తుడిచి, భంగార్, అంటే పాత సామాన్ల, దుకాణాల దాకా వచ్చాయి. బోర్డును తిప్పి అడుగు చూడండి. స్లాటు పిన్నుల మొదట్లో పచ్చటి పొడి, మూలల్లో సన్నటి మట్టి పొర ఉంటే, ఈరోజు బొమ్మ వచ్చినా అది ఎక్కువ కాలం నిలవదు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో కాస్త తుప్పు సహజమే, దాన్ని స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది. ఆ పచ్చ పొడి రాగిని లోపలి నుంచి తినేసి ఉంటుంది, అది తుడిచినా పోయేది కాదు.

చివరికి, వాదనలన్నీ అయ్యాక, ఒరిజినల్ భక్తులు రేటు దగ్గరికి వస్తారు. ఫామికామ్ రేటు ఏటేటా పెరుగుతుంది, అది పెట్టుబడి, క్లోన్‌కు తిరిగి పైసా రాదు అంటారు. రాదు. కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని, రెండో రిమోట్ వాడి చేతికిచ్చి ఆడాలనుకున్న మనిషికి తిరిగి అమ్మే రేటుతో పనేముంది? ఖరీదు ఎక్కువైన యంత్రం పిల్లల చేతికి పోదు, ప్లాస్టిక్ కవర్ కప్పుకుని బీరువా ఎక్కుతుంది. కాబట్టి తమ్మీ, అటక మీద నుంచి నీ కాంట్రా కార్ట్రిడ్జ్ దింపు, స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి జేబులో వేసుకో, దుకాణానికి పో. మూత విప్పించు. చిప్పులు రెండున్నయా, క్రిస్టల్ మీద 26.601 ఉందా చూడు. ఉంటే అక్కడే కార్ట్రిడ్జ్ పెట్టి నడిపించి చూసుకుని డబ్బులియ్యి.